ఉతికి ప్యాకెట్లో పెట్టిన గుడ్డలు

దుబాయ్ పనికి బయలుదేరే ముందు మా వైపు ఆడవాళ్ళు నా దగ్గరికొచ్చి కాసేపు కూర్చుంటారు. ఇల్లు పెద్దదా, అరబ్బీ మాట ఎన్నాళ్ళకు వస్తుంది, సెలవు రోజున బయటికి పంపుతారా, కోపమొస్తే చెయ్యి చేసుకుంటారా అని అడుగుతారు. నాకు తెలిసినంత చెబుతాను. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో పనిచేసి, ఒక్క మాట పడకుండా తిరిగొచ్చిన మనిషని వాళ్ళ అమ్మలు నన్ను చూపించి చెబుతారు. ఆ మాట చెవిన పడగానే నేను లేచి వంటింట్లోకి పోతాను. ఎందుకు పోతానో ఇప్పుడు రాస్తున్నాను.

మాట పడకుండా వచ్చిన సంగతి నిజమే. నేను పడాల్సిన మాట ఇంకొకాయన పడ్డారు.

దుబాయ్‌లో అల్ కుసైస్ దాటాక వచ్చే విల్లాల్లో ఒకటి మా ఇల్లు. మా ఇల్లు అనడం ఇంకా పోలేదు నాకు. అక్కడి పద్ధతి ప్రకారం యజమానిని బాబా అనీ, ఆవిడను మామా అనీ పిలిచేదాన్ని. బాబా సర్కారు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. కరోనా వచ్చి అందరూ ఇళ్ళల్లో కూర్చున్న ఏడాది ఆయనకు పొద్దు గడవడం కష్టమైంది. రోజూ కంప్యూటర్లో ఏదో చూసుకుని నవ్వుకునేవారు. ఒకనాడు ఒక లారీ వచ్చి, కారు షెడ్డు ముందు తుప్పుపట్టిన రేకు డొక్కు ఒకటి దింపి వెళ్ళింది. చక్రాలు లేవు, ఇంజన్ లేదు, అద్దాలు లేవు. మా అమ్మమ్మ పుట్టినప్పటి బండట. అమెరికా నుంచి ఓడ మీద వచ్చింది.

మామా గుమ్మంలో నిలబడి, "ఇది కారా, కోళ్ళగూడా? గుడ్లు ఎప్పుడు పెడుతుంది?" అంది.

బాబా కుర్రతనంలో అమెరికాలో చదువుకున్నారు. అక్కడి కుర్రాళ్ళు పాత బండి కొని, చక్రాల మీది రేకులు ఊడబీకి, కప్పు కోసి నాలుగు వేళ్ళు కిందికి దించి, పెద్ద ఇంజన్ ఒకటి బయటికి కనబడేలా బిగించి తోలుతారట. దాన్ని హాట్ రాడ్ అంటారట. పాత బండిని పాతగానే బాగుచేయడం కాదు, దానికి ఇంకో పుట్టుక ఇవ్వడం అని ఆయన నాకు చెప్పారు. అప్పుడు చేతిలో డబ్బు లేదు, తర్వాత తీరిక లేదు, ఇప్పుడు రెండూ ఉన్నాయి అన్నారు.

ఇంజన్ పని తానే చేసుకుంటానన్నారు. రేకు పనికీ రంగుకీ మనిషి కావాలి. అల్ కుసైస్‌లో ఒక గ్యారేజీలో పనిచేసే రాయచోటి ముస్లిం ఆయన దొరికారు. బాబా ఆ గ్యారేజీ ముదీర్‌తో, అంటే మేనేజరుతో, మాట్లాడి, పర్మిట్ తీయించి, శుక్రవారాలు మా ఇంటికి వచ్చేలా చేశారు. నమాజు అయ్యాక వచ్చి పొద్దుగూకే దాకా చేసేవారు. నేను టీ తీసుకెళ్ళి, "భాయ్ గారూ, టీ అండి" అన్న మొదటి రోజునే ఆయన నవ్వేశారు.

"మీది గోదావరా అక్కా? మీరు పిల్లిని గూడా గారూ అంటారంట గదా?"

"మా పిల్లులు మర్యాద గలవండి. మీ వైపు వాటి సంగతి నాకు తెలవదు" అన్నాను. అప్పటినుంచి మాకు కుదిరింది.

తెలుగు మాట వినబడక నాకు ఎన్నాళ్ళయిందో. ఇంటి పని తెమిలాక షెడ్డులోకి వెళ్ళి ఊరికే నిలబడేదాన్ని. ఊరికే ఎందుకని ఆయన గరుకు కాగితం చేతికిచ్చారు. రేకు మీద మెత్తిన పుట్టీని నీళ్ళు పోస్తూ రుద్దాలి. తర్వాత కళ్ళు మూసుకుని అరచేత్తో నిమరాలి. ఎత్తుపల్లం ఉంటే కంటికి తెలియకపోయినా చేతికి తెలుస్తుంది. పదిహేడేళ్ళుగా రొట్టెలు వత్తిన చెయ్యి నాది. ఆయనకు దొరకని గుంట ఒకటి తలుపు కింద నాకు దొరికింది.

"నీ చేతికి కండ్లుండాయక్కా" అన్నారు. ఆ మాట బాబాకు హిందీలో చెప్పారు కూడా. బాబా నా చెయ్యి వైపు చూసి తల ఊపారు. వారం మధ్యలో గరుకు పని నాకే అప్పజెప్పారు.

ఈ అక్షరాలు కూడా అక్కడివే. నాకు చదువు లేదు. విప్పిన ప్రతి బోల్టునూ డబ్బాల్లో వేసి, డబ్బా మీద కాగితం టేపు అంటించి, ఇంగ్లీషులో పేరు రాసేవారాయన. ఒకరోజు నన్ను తలుపు బోల్టుల డబ్బా తెమ్మన్నారు. నేను డబ్బాలన్నీ తెరిచి చూడడం గమనించారు. మరుసటి శుక్రవారం డబ్బాల మీద ఉన్నవన్నీ పీకేసి, తెలుగులో పెద్దక్షరాలతో రాసి అంటించారు. "నా తెలుగు మర్చిపోతాండా అక్కా, రాసుకుంటాండా" అన్నారు. తలుపు, దీపం, కప్పు, సీటు. అలా యాభై ఒకటో ఏట నాకు అక్షరం వచ్చింది.

ఆయన ఆశ ఏమిటో చెప్పాలి. బండి అనుకున్నట్టు వస్తే ఇలాంటివి చేసే చిన్న గ్యారేజీ పెడతానని బాబా మాటిచ్చారు. వీసా బాబాది, పనంతా భాయ్ గారి చేతికింద. అలా అయితే జీతం పెరిగి, భార్యను తెచ్చుకునే వీలుంటుంది.

"పెండ్లయి పద్దెనిమిదేండ్లక్కా. ఇద్దరం ఒక కప్పు కింద ఉండింది కలిపితే రెండేండ్లు గూడా రాదు. పోయినసారి పోతే, నీకు టీలో చక్కెర ఎంత అని అడిగింది. మర్చిపోయినాదంట."

"మరి మీకు గుర్తుందా ఆవిడకెంతో?"

"నాకూ గుర్తులేదులే. అందుకే కోపం రాలా."

పనిలో ఆయనది ఒక పద్ధతి. రంగు పని రోజుల్లో నూలు రాలని తెల్లగుడ్డల ప్యాకెట్ తెచ్చేవారు. జిడ్డు తీసే మందులో తడిపి రేకంతా తుడిచి, ఆ గుడ్డ చెత్త డ్రమ్ములో పడేసేవారు. ఒక తుడుపుకు ఒక గుడ్డ. నేను చూసి ఓర్చుకోలేకపోయాను. చిరుగు లేదు, మరక లేదు, మంచి నూలు. మా ఇళ్ళల్లో బిస్కట్ కవరు కూడా కడిగి ఎండబెడతాం.

"ఉతికిస్తానండి" అన్నాను.

"వద్దక్కా. వీటికి ఉతుకుడు పనికిరాదు. కొత్తవే కావాల" అన్నారు.

నన్ను కష్టపెట్టడం ఇష్టంలేక అంటున్నారనుకున్నాను. ఆయన వెళ్ళాక డ్రమ్ములోంచి ఏరి, రెండుసార్లు ఉతికి, ఆఖరి నీళ్ళలో బట్టలు మెత్తబడడానికి పోసే గులాబీ వాసన మందు ఒక మూత పోశాను. ఇస్త్రీ చేసి, కొత్తవాటి మడత ఎలా ఉందో చూసి అలాగే మడిచి, ప్యాకెట్లో కొత్తవాటి కింద సర్దాను. ఆయన పోల్చుకోలేకపోతే నా పనితనం అంత గొప్పదన్నమాట అని లోపల నవ్వుకున్నాను. ఇలా మూడు నాలుగు వారాలు చేశాను. షెడ్డు గాలంతా పుట్టీ, థిన్నరు వాసనే కాబట్టి గులాబీ ఆయన ముక్కుకు తగల్లేదు.

రంగు వేసే శుక్రవారం వచ్చింది. షెడ్డు లోపల ప్లాస్టిక్ తెరలు కట్టారు. దుమ్ము లేవకుండా నేల తడిపాను. బాగా పండిన నేరేడుపండు రంగు. రెండు బారుల మేర రంగు చిమ్మే గన్నుతో కొట్టారు, అద్దంలా ఉంది. అంతలో ఆ అద్దంలో చిన్న చిన్న గుంటలు లేచాయి. రంగు అక్కడక్కడా విడిపోయి, మధ్యలో కింది పూత గుండ్రంగా కనబడుతోంది. ముందు తలుపు మీద, తర్వాత కప్పు మీద, చూస్తుండగానే బండంతా.

ఆయన గన్ను కింద పెట్టి చతికిలబడ్డారు. "చేప కండ్లు" అన్నారు. రంగు పనివాళ్ళు ఆ గుంటల్ని అలాగే అంటారట.

బాబా వచ్చి చూశారు. కోప్పడలేదు. ఎందుకొచ్చిందని అడిగారు. ఎక్కడినుంచో జిడ్డు వచ్చిందని ఆయన చెప్పారు. గాలి మిషను విప్పారు, గొట్టం మార్చారు, మూలమూలా వెతికారు. వెతుకుతూ తనలో తనే అనుకున్నట్టు నాతో అన్నారు.

"తలనూనె చుక్క పడినా ఇట్లే అయితాదక్కా. కారుకు కొట్టే పాలిష్, ఫర్నిచరుకు కొట్టేది, బట్టలకు పోస్తారే ఆ వాసన మందు, అన్నిట్లోనూ సిలికాన్ ఉంటాది. కంటికి కనపడదు. అదేదో తెలిస్తే దాని మందు దానికుంది. తెలీకపోతే చెయ్యి యాడ పెట్టాల్నో తెలీదు."

నా చేతిలో టీ కప్పులున్నాయి. అవి పట్టుకుని ఇంట్లోకి వెళ్ళాను. బట్టలుతికే గదిలో ఆ మందు సీసా ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత ఆయన లేనప్పుడు ప్యాకెట్లో మిగిలిన గుడ్డలన్నీ తీసి, నల్ల సంచిలో చుట్టి, వీధి చివర చెత్త డబ్బాలో పడేశాను. ఇక గుడ్డలు లేవు, జిడ్డు లేదు, ఎవరికీ చెప్పే పని లేదు అనుకున్నాను.

నాలుగు శుక్రవారాలు ఆ రంగంతా రుద్ది తీశారు. వారం మధ్యలో మిగిలింది నేను రుద్దాను. తెలిసి, ఆయన పక్కన కూర్చుని, నీళ్ళు పోస్తూ రుద్దాను. "నువ్వు లేకుంటే ఎనిమిది వారాలు పట్టేదక్కా" అన్నారు. అప్పుడైనా చెప్పొచ్చు. ఒట్టి రుద్దుడుకు ఆ జిడ్డు పోదనీ, గరుకు గీతల్లోకి ఇంకా దిగిపోతుందనీ నాకు తెలియదు. తెలియదన్నది చెప్పకపోవడానికి సాకు కాదు. ఏ మందు వాడాలో ఆయనకు తెలుసు. ఏ జిడ్డో నాకు తెలుసు. మా ఇద్దరి మధ్య ఒక నీళ్ళ బకెట్ ఉంది.

రెండోసారి రంగు వేసిన రోజు బాబా స్నేహితులిద్దరు కూడా వచ్చారు. మామా గుమ్మంలో కుర్చీ వేసుకుంది. ఆయన కొత్త ప్యాకెట్ విప్పి, తుడిచి, మొదలుపెట్టారు. ఈసారి కప్పు మీద ముందు లేచాయి. తక్కువే, కానీ లేచాయి. స్నేహితుల్లో ఒకాయన అరబ్బీలో ఏదో అన్నారు. ఇంకొకాయన నవ్వారు. బాబా ముఖం ఎర్రబడింది.

భాయ్ గారికి చెమటలు పట్టాయి. పనిపెట్టెలోకి చెయ్యి పెట్టి, అడుగున నలిగిన తెల్లగుడ్డ ఒకటి తీసి ముఖం తుడుచుకున్నారు. తుడుచుకుంటూ ఆగిపోయారు. గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. నేను పారేసిన వాటిలో చేరకుండా ఆ పెట్టెలో ఉండిపోయిన గుడ్డ అది.

నా వైపు తిరిగి తెలుగులో అడిగారు. గొంతు పెంచలేదు.

"అక్కా, నిజం చెప్పు. ఈ గుడ్డ నువ్వు ఉతికినావా?"

బాబా ఏమిటని అడిగారు. ఆయన హిందీలో చెప్పారు. ఈ గుడ్డలు ఎవరో ఉతికి ప్యాకెట్లో పెట్టారు, జిడ్డు వీటినుంచే వచ్చింది, ఇప్పుడు తెలిసింది, బాగుచేస్తాను అన్నారు. అందరూ నన్ను చూశారు. మామా కుర్చీలోంచి లేచింది.

"లేదు బాబా. నేను ముట్టుకోలేదు" అన్నాను.

అమ్మాయిలూ, ఆ అబద్ధం ఎందుకు ఆడానో చాలాకాలం నాకు నేనే వేరేలా చెప్పుకున్నాను. ఇంటికి పంపేస్తారని భయపడ్డాననుకున్నాను. పంపరు. మామా ఒక సాయంత్రం అరిచేది, అంతే. నేను కాపాడుకున్నది ఉద్యోగం కాదు. నా పనిలో తప్పు దొరకదన్న పేరు. పదిహేడేళ్ళ పేరు నలుగురి ముందు ఒక గుడ్డ మీద పోతుందంటే ఒప్పుకోలేకపోయాను.

ఆ పేరే ఆయన్ను కొట్టింది. "పదిహేడేళ్ళుగా ఈమె నా ఇంట్లో ఉంది" అన్నారు బాబా. "మామా బంగారు గాజు సబ్బు పక్కన మరిచిపోతే ఆ నిమిషమే తెచ్చి ఇచ్చింది. నువ్వు పని చెడగొట్టుకుని ఆడమనిషి మీద పెడతావా? ఖలాస్. సామాను తీసుకో."

"బాబా, ఒకసారి వాసన చూడండి" అని ఆయన గుడ్డ చాపారు. బాబా తీసుకోలేదు. స్నేహితులు చూస్తున్నారు. ఆయన నా వైపు ఇంకోసారి చూశారు. చెప్పడానికి అంత సమయం ఇచ్చారు. నేను నేల మీది నీళ్ళు చూస్తున్నాను. "సరే బాబా" అని గన్ను కడుక్కుని, పెట్టె సర్దుకుని, గేటు దాటి వెళ్ళారు.

బండిని దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో పెద్ద వర్క్‌షాపుకు పంపారు. వాళ్ళు రేకు కనబడే దాకా గీకేసి మళ్ళీ వేశారు. ఒక్క గుంట లేదు. "చూశావా, చెయ్యి మంచిదైతే ఇలా ఉంటుంది" అన్నారు బాబా నాతో. పాత బండ్ల వాళ్ళ సభకు తీసుకెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళి బండి పక్కన నిలబెట్టి ఫొటో తీశారు, గరుకు పని ఈమెదే అని అందరికీ చెప్పారు. ఆ ఫొటో నా దగ్గర లేదు. ఏడాది తిరక్కుండానే ఆ బండి మీద మోజు తీరి, అమ్మేశారు. గ్యారేజీ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

భాయ్ గారి నంబరు నా ఫోన్లో ఉంది. వాయిస్ మెసేజ్ పెట్టడం నాకు చేతనవును. మాట్లాడడానికి అక్షరాలు అక్కర్లేదు. మూడేళ్ళు పెట్టలేదు.

మోకాళ్ళు అరిగి, ఇక చాలనుకుని, వీసా క్యాన్సిల్ అయి, టికెట్ చేతికొచ్చాక ఒక పొద్దున టీ ఇచ్చి బాబా ముందు నిలబడ్డాను. చెప్పేశాను. గులాబీ మందు, ఇస్త్రీ, మడత, నల్ల సంచి, అన్నీ. ఆయన కప్పు కింద పెట్టారు. తిడతారనుకున్నాను.

"నీ మాట మీద నేనొక మనిషిని గేటు బయటికి పంపాను. నేను అతన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు" అన్నారు. "నాకు చెప్పావు సరే. అతనికి చెప్పు. రేపు డ్రైవర్ తీసుకెళ్తాడు" అన్నారు.

భాయ్ గారు అదే గ్యారేజీలో ఉన్నారు. సామాను చేరవేసే వ్యాను బంపరు ఒకటి స్టాండు మీద పెట్టి రంగుకు సిద్ధం చేస్తున్నారు. గడ్డం నెరిసింది. నన్ను చూసి ఆశ్చర్యపడలేదు.

"నిన్న బాబా ఫోన్ చేసినాడు. మాఫ్ కరో అన్నాడు. అంత పెద్ద మనిషి."

"తప్పయిపోయిందండి భాయ్ గారూ" అన్నాను. దారంతా పేర్చుకున్న మాటల్లో అదొక్కటే బయటికొచ్చింది.

"ఉతికిందానికి ఏమనుకోనక్కా. మంచి గుడ్డ పారేస్తాంటే మా అమ్మయినా అదే పని చేసుండేది." బంపరు మీద వేలితో ఒకచోట నిమిరి చూసుకున్నారు. "నేను అడిగినా గదా. బాబా ముందర. నీ దిక్కే చూసినా."

"చూశారండి."

"ఊఁ."

"గ్యారేజీ మళ్ళీ పెట్టమని బాబాను నేను అడుగుతానండి."

"ఆయనకు డెబ్బై దాటినాయి. ఇంగేం గ్యారేజీ?"

"మీ ఆవిడ గారు..."

"ఊర్లోనే ఉంది. ఎట్లొస్తాది?"

నేను ఏడ్వలేదు. ఏడిస్తే ఆయనే ఊరుకోబెట్టాల్సి వస్తుందని ఆపుకున్నాను. ఆయన గన్నులో రంగు పోసి మూత బిగించారు.

"వీసా క్యాన్సిల్ అయిందా?"

"అయిందండి."

"టికెట్?"

"రేపండి."

"అయితే ఇంగ నీకు పొయ్యేదేమీ లేదు" అన్నారు. కోపంగా అనలేదు, లెక్క సరిచూసినట్టు అన్నారు. "అందుకే వచ్చినావు."

కాదనడానికి నోరు తెరిచాను. రెండేళ్ళ నుంచి వెతుకుతున్నాను, ఆ మాటకు ఎదురు మాట నాకు ఇంకా దొరకలేదు.

ఆయన మాస్కు పైకి లాక్కుని, ఒక చేత్తో నాకు దారి చూపించారు.

"పక్కకు జరుగక్కా. రంగు మీద పడతాది."